తలుపు దాటకుండా ఎడిన్‌బరాలో మూడు రోజులు

ఎడిన్‌బరాలో మేం మూడు రోజులున్నాం. పొద్దున్న టిఫిను తప్ప మిగతా తిండి అంతా ఆరుబయటే తిన్నాం. అది 2007 డిసెంబరు మొదటి వారం. చలి సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ. మేముండే వాట్‌ఫర్డ్ పక్కనే స్టాన్‌మోర్‌లో ఉండే లలిత ఆంటీకి ఫోన్లో చెబితే, "పిచ్చా ఏంటే మీకు? డబ్బిచ్చి మరీ న్యుమోనియా తెచ్చుకుంటారా?" అంది.

పిచ్చి కాదు, దానికో కారణం ఉంది. అది చెప్పకుండా ఈ ప్రయాణం గురించి రాస్తే సగం అబద్ధమవుతుంది. మా ఆయన మురళిని అడిగే రాస్తున్నాను. ఆయన చదివి, రెండు వాక్యాలు కొట్టేసి, మిగతాది ఉంచమన్నారు.

ఆయన తాగేవారు. పార్టీల్లో సరదాకి తాగడం కాదు. ఉద్యోగం పోయేంత, నేను కాకినాడ వెళ్ళిపోవడానికి టిక్కెట్టు కొనుక్కునేంత తాగుడు. ఆ ఏడు మార్చిలో మానేశారు. వాట్‌ఫర్డ్‌లో ఒక చర్చి హాల్లో ప్రతి మంగళవారం తనలాంటి వాళ్ళతో కూర్చుంటారు. అక్కడ గోర్డన్ అని రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన మావారికి పెద్ద దిక్కు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: పబ్బు తలుపు దాటొద్దు. బయట బల్ల దగ్గరైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి నడిచిపోవచ్చు, లోపలికెళ్తే లేవబుద్ధి కాదు అంటాడు గోర్డన్.

మరి సెలవులకి వేరే ఊరే దొరకలేదా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. మూడేళ్ళ కిందట ఆయన ఒక చలికాలమంతా ఎడిన్‌బరాలో కాంట్రాక్టు ఉద్యోగం చేశారు. నేను వాట్‌ఫర్డ్‌లోనే ఉన్నాను.

"ఆ ఊరి మధ్యలో కొండమీద కోట ఉంది వసూ. ఐదు నెలలున్నాను కదా, ఆ కోట ఫోటోల్లో చూస్తే తప్ప నాకు గుర్తు రావట్లేదు. ఒక్కసారి ఒళ్ళు తెలిసుండగా చూడాలనుంది," అన్నారు.

వద్దనడానికి నోరు రాలేదు. కానీ ఆ రాత్రి నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు.

రైలు దిగగానే

స్టేషనులోంచి పైకొచ్చే మెట్ల మీద గాలి మమ్మల్ని వెనక్కి తోసింది. నిజంగానే తోసింది. నా మంకీ క్యాపు ఎగిరి రెండు మెట్లు కిందకి పడితే, వెనకొస్తున్న పెద్దాయన చేతికర్రతో నొక్కిపెట్టి ఆపాడు. "మా ఊరి స్వాగతం ఇలాగే ఉంటుంది," అని నవ్వి ఇచ్చాడు.

పైకి రాగానే ఎదురుగా కోట. నల్లరాతి కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. మావారు సూట్‌కేసు కింద పెట్టి, రోడ్డు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయారు. నేను మాత్రం గాలి వాసన చూస్తున్నాను. మొలకెత్తిన రాగులు ఉడుకుతున్నట్టు, కాస్త పులిసినట్టు, ఊరంతా ఒకటే వాసన.

"ఏంటండీ ఈ వాసన?"

ఆయన కోట మీంచి చూపు తిప్పి గాలి పీల్చారు. తర్వాత, "పడమటి వైపు విస్కీ కాచే కార్ఖానా ఉంది. గాలి ఇటు తిరిగితే వస్తుంది. కోట మర్చిపోయాను గానీ, ఇది గుర్తుంది చూడు," అన్నారు.

పీల్చే గాలిలోనే ఉంటే ఇంక నేనేం కాపలా కాస్తాను?

గదిలో సీసా

మేం దిగింది ఒక పాత ఇల్లు. పైన నాలుగు గదులు అద్దెకిచ్చి కింద ఇంటావిడ ఉంటుంది. గది ముచ్చటగా ఉంది. కిటికీ కింద బల్లమీద కెటిల్, టీ పొట్లాలు, బిస్కెట్లు, వాటి పక్కన గాజు బిరడా ఉన్న చిన్న సీసా, రెండు బుల్లి గ్లాసులు. సీసాలో తేనె రంగు విస్కీ. అతిథి మర్యాదట. మన ఇళ్ళలో గుమ్మంలోకి రాగానే మంచినీళ్ళిచ్చినట్టు.

ఆయన బాత్రూములో ఉన్నారు. నేను సీసా తీసి శాలువాలో చుట్టుకుని కిందికి పరిగెత్తాను.

"మేం దీన్ని ముట్టుకోమండీ," అన్నాను ఇంటావిడతో.

"ఓ, మతం అడ్డొస్తుందా?"

"అవును. హిందువులం."

ఆవిడ చాలా గౌరవంగా తలూపి సీసా తీసుకుంది. స్టాన్‌మోర్ పార్టీల్లో మా వాళ్ళని చూస్తే ఏమనుకునేదో! పైకొచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని బూట్లు విప్పుతున్నారు.

"గదిలోకి రాగానే నాకు ముందు కనిపించింది అదే వసూ. కెటిల్ కంటే ముందు," అన్నారు తలెత్తకుండా.

దుప్పట్లు కప్పుకుని భోజనం

చలిదేశాల్లో జనం చలికాలమంతా తలుపులు మూసుకుని కూర్చుంటారని నేననుకునేదాన్ని. కాకినాడలో ఆరుబయట కూర్చోవడమంటే ఎండాకాలం సాయంత్రం, కరెంటు పోయినప్పుడు, మేడమీద చాప వేసుకుని. ఇక్కడ చలి కరుస్తుంటే వీధిలో బల్లలు. అంతకు ముందు ఏడాదే స్కాట్లండులో పబ్బుల లోపల పొగ తాగడం నిషేధించారు. దాంతో ప్రతి పబ్బు ముందూ బల్లలు, కుర్చీలు, గొడుగులాంటి టోపీ ఉన్న గ్యాసు హీటర్లు వెలిశాయి. పొగ తాగేవాళ్ళ కోసం మొదలుపెట్టినవి, ఇప్పుడు తాగనివాళ్ళు కూడా వాటి చుట్టూ చేరుతున్నారు. చేతులకి గ్లవ్స్, మెడకి మఫ్లరు, ఎదురుగా ఐసు వేసిన గ్లాసు. ఆ ఐసు ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

కోట కొండకి దిగువన గ్రాస్‌మార్కెట్ అనే వెడల్పాటి వీధి ఉంది. మొదటి సాయంత్రం అక్కడ ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. లోపలికెళ్ళి చెప్పి రావడం నా పని, తలుపు ఎదురుగా కనిపించే కుర్చీలో కాకుండా కోట కనిపించే కుర్చీలో కూర్చోవడం ఆయన పని. వడ్డించే అమ్మాయి గళ్ళ దుప్పట్లు రెండు తెచ్చి మా ఒళ్ళో పరిచి, ఆస్పత్రిలో నర్సులా అంచులు దోపి మరీ వెళ్ళింది.

హ్యాగిస్ తెప్పించుకున్నాం. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా కొట్టి, ఓట్స్, మిరియాలు కలిపి వండుతారు. పక్కన చిలకడదుంప రంగులో మెత్తగా మెదిపిన ముల్లంగిలాంటి దుంప, ఆలూ ముద్ద. ప్లేటు ఏడు పౌన్లు. రూపాయల్లోకి మార్చడం మానేసి చాలా ఏళ్ళయింది గానీ ఆ రోజెందుకో మార్చి ఉలిక్కిపడ్డాను. తింటే మా అమ్మమ్మ బోటీ కూరకి దూరపు చుట్టంలా ఉంది. ఆ కారమొకటి తక్కువ.

పక్క బల్ల దగ్గర, పెళ్ళికి ముందు తాగించి సరదా చెయ్యడానికి పెళ్ళికొడుకుని తీసుకొచ్చిన స్నేహితుల గుంపు. ఎనిమిది మందీ స్కాటిష్ గాగ్రాల్లాంటి కిల్టులు కట్టుకుని, మోకాళ్ళు ఎర్రగా కందిపోయి, పాడుతున్నారు. వాళ్ళలో ఒకడు మావారి ఖాళీ చేతులు చూసి, "ఏంటి మిత్రమా, నీ గ్లాసేది? నేను కొనిస్తాను," అని లేచాడు.

నా చెంచా ఆగిపోయింది.

"నా వాటా ఇదివరకే అయిపోయింది, ఈ ఊళ్ళోనే," అన్నారు ఆయన. వాడు పగలబడి నవ్వి, ఆయన భుజం తట్టి కూర్చున్నాడు. ఆయనా నవ్వారు. నేను ఆగిన చెంచాని మళ్ళీ నోటిదాకా తీసుకెళ్ళాను.

కోట కింద సంత

రెండో రోజు పొద్దున కోట ఎక్కాం. గేటు దగ్గర మెట్లమీద ఆయన జేబులోంచి ఫోను జారిపడితే తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. పైనుంచి చూస్తే ఊరికి అటువైపు సముద్రం పలచటి సీసం రేకులా కనిపించింది. "ఇక్కడ సముద్రం కూడా ఉందా!" అన్నారు ఆయన, ఎవరో దాచిపెట్టి ఇప్పుడే చూపించినట్టు. ఆ మొహం చూసి వచ్చినందుకు మంచే అయిందనుకున్నాను. ఆ అనుకోవడం మూడు గంటలు నిలిచింది.

కోట దిగువనున్న తోటలో క్రిస్మస్‌కి జర్మను సంత పెడతారు. చెక్క గుడిసెల్లాంటి దుకాణాలు, నిప్పుల మీద గుండ్రంగా వేలాడే ఇనపజల్లెడపై కాలుతున్న సాసేజీలు, దాల్చినచెక్క వాసన, నేలంతా పరిచిన మంచుగడ్డ మీద జారుడాట ఆడే పిల్లల కేకలు. మూడున్నరకే చీకటి పడుతోంది. నిలువెత్తు పీపాలే బల్లలు. జనం వాటి చుట్టూ నిలబడి కప్పుల్లో పొగలు కక్కే వేడి వైన్ తాగుతున్నారు. చలికి దాన్ని తాగడం కంటే రెండు చేతుల మధ్య పట్టుకోవడమే ఎక్కువ.

"మనకి వేడి యాపిల్ రసం ఉందట. బోర్డు మీద చూశాను," అన్నాను. ఆయన్ని ఒక పీపా దగ్గర నిలబెట్టి నేను వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే రెండు హాట్ యాపిల్ అడిగాను. ఎర్ర టోపీ పెట్టుకున్న దుకాణంవాడు ఆ గోలలో గొంతెత్తి, "విత్ ఆర్ వితౌట్?" అన్నాడు. వాడి వెనక బొమ్మలో కప్పులో దాల్చినచెక్క పుల్ల నిలబడి ఉంది. దాని గురించే అనుకున్నాను.

"విత్, ప్లీజ్," అన్నాను.

కప్పులు తెచ్చి ఒకటి ఆయన చేతిలో పెట్టాను. చలిలో ముక్కు ఎప్పుడో పనిచెయ్యడం మానేసింది. ఆయన ఒక గుక్క తాగారు. తాగి, కప్పు పెదాల దగ్గరే ఉంచి, కదలకుండా ఉండిపోయారు. తర్వాత దాన్ని చాలా నెమ్మదిగా, చిందితే నేల కాలిపోతుందేమో అన్నట్టు, పీపా మీద పెట్టారు.

"ఇందులో రమ్ ఉంది వసూ."

నేను నా కప్పులోంచి ఒక గుక్క తాగాను. గొంతు మండింది. "అయ్యో! దాల్చినచెక్క అనుకున్నానండీ, వాడు విత్ అంటే..."

"తెలుసు. నీ తప్పు కాదు. నేను కాస్త నడిచొస్తాను. నువ్విక్కడే ఉండు."

"నేనూ వస్తా."

"వద్దు." మొహం పాలిపోయి ఉంది. "ఇక్కడే ఉండు."

ఆయన జనంలో కలిసిపోయారు. నల్లకోట్ల మధ్య మరో నల్లకోటు.

ఆరు పబ్బులు

నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. నాకైతే గంటనిపించింది. పది నిమిషాలు కూడా అయ్యుండదని తర్వాత లెక్క తేలింది. తొమ్మిది నెలలు కాపాడుకున్నదాన్ని నా చేత్తో నేనే అందించానన్నది ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. కప్పులు రెండూ అక్కడే వదిలేసి తోటలోంచి పైకి పరిగెత్తాను.

పెద్దరోడ్డు దాటితే వెనక ఒక సన్నటి సందు ఉంది. పొడుగునా పబ్బులే. కాంట్రాక్టు రోజుల్లో ఆయన ఆఫీసు నుంచి నేరుగా ఆ సందుకే వెళ్ళేవారని నాకు తెలుసు. మొదటి పబ్బు కిటికీకి మొహం ఆనించి చూశాను. అద్దం నిండా ఆవిరి. తలుపు తోసుకుని లోపలికెళ్ళాను. చీరమీద కోటు, మంకీ క్యాపు, కళ్ళలో నీళ్ళు. అందరూ మాటలాపి చూశారు. లేరు. రెండోదాంట్లో లేరు. మూడోదాంట్లో ఒకతను తూలి తన గ్లాసులో బీరు సగం నా కోటు మీద ఒంపి, పదిసార్లు క్షమాపణ చెప్పాడు. నాలుగు, ఐదు. ప్రతి తలుపు దగ్గరా ఆయన ఉండకూడదని దండం పెట్టుకోవడం, లేకపోతే ఇంకెక్కడున్నారోనని తర్వాతి తలుపుకి పరిగెత్తడం.

ఆరో పబ్బు బయట, హీటరు కింద, అరవై ఏళ్ళావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఒక చేతిలో సిగరెట్టు, ఎదురుగా నల్లటి బీరు గ్లాసు, చలికి చెవుల్ని కప్పే బొచ్చు గుబురులు.

"ఎవరికోసం వెతుకుతున్నావు, హెన్?" అంది.

హెన్ అంటే అక్కడ మన 'అమ్మాయ్' లాంటిదట. అప్పుడు నాకు తెలియదు. కోడిపెట్టలా పరిగెడుతున్నానని అందేమో అనుకున్నాను, అదీ నిజమే కాబట్టి కోపం రాలేదు. చెప్పేశాను. మావారు, తొమ్మిది నెలలు, యాపిల్ రసం, అన్నీ. వింటూనే ఆవిడ తన గ్లాసు తీసి వెనక కిటికీ గట్టు మీద, నాకు కనబడకుండా పెట్టింది. తన పేరు జీన్ అంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తనే లోపలికెళ్ళి మూల మూలా చూసొచ్చింది.

"లోపల అలాంటి మనిషి లేడు. తాగడానికి కాకపోతే ఎక్కడికి వెళ్తాడు?"

తొమ్మిది నెలలుగా ఆ మనిషిని కళ్ళార్పకుండా చూస్తున్నాను. తాగితే ఎక్కడికెళ్తారో సందు పేరుతో సహా తెలుసు. తాగకపోతే ఎక్కడికెళ్తారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"ఫోను లేదా అతనికి?"

"నా బ్యాగులోనే ఉంది."

"అయితే తియ్యి. మా తమ్ముడు ఫోను నా దగ్గరే వదిలేసి తప్పిపోయినప్పుడల్లా తన నంబరుకే చేసేవాడు. నాదెప్పుడూ వాడికి గుర్తుండేది కాదు."

తీశాను. తెరమీద ఎడిన్‌బరా నంబరొకటి, ఐదు మిస్డ్ కాల్స్. ఆ గోలలో మోగింది వినబడనేలేదు. చూస్తుండగానే చేతిలో ఆరోసారి మోగింది.

"వసూ! ఎక్కడున్నావ్?" ఆయనే. "అక్కడే ఉండమన్నాను కదా! వచ్చేసరికి కప్పులున్నాయి, నువ్వు లేవు. నీ నంబరు గుర్తు లేదు, నాదే గుర్తుంది. చిల్లరంతా అయిపోయింది. ఎవరైనా ఎత్తుకుపోయారేమో అని..."

జీన్ నన్ను తోట గేటు దాకా దింపి, నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వెనక్కి వెళ్ళింది. ఆయన టెలిఫోను డబ్బా పక్కన నిలబడి ఉన్నారు. నన్ను చూసి నాలుగడుగులు గబగబా వేసి, దగ్గరకి రాగానే ఆగిపోయారు.

"నీ దగ్గర బీరు వాసన వస్తోందేంటి?"

"ఎవరో ఒలకబోశారు."

"ఎక్కడ?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "పబ్బులో. మీకోసం వెతుకుతున్నాను."

"ఎన్ని వెతికావు?"

"ఆరు."

ఆయన అటు తిరిగి నడవడం మొదలుపెట్టారు. తను ముందు గోర్డన్‌కి ఫోను చేశారట, ఆ నంబరొకటి బట్టీపట్టి ఉంచుకున్నారు. గోర్డన్ ఇంట్లో లేడు, వాళ్ళావిడ తీసింది. అయితే ఒక్కణ్ణే ఓర్చుకోవాలి అనుకుని, పిల్లలు జారే మంచుగడ్డ చుట్టూ రెండుసార్లు తిరిగి నా దగ్గరకొచ్చారట. ఇదంతా నడుస్తూ, ముందుకి చూస్తూ చెప్పారు. దారిలో కాగితంలో చుట్టిన చిప్స్ కొన్నాం. ఆ ఊళ్ళో వాటిమీద వెనిగర్ కలిపిన పుల్లటి నల్ల సాసు పోస్తారు. చింతపండు పులుసు పోసినట్టుంటుంది. నాకు బాగా నచ్చింది. ఆ మాట ఆయనతో అనడానికి ధైర్యం చాలలేదు. గోడవారగా నిలబడి, ఒకే పొట్లంలోంచి తిన్నాం.

పోర్టొబెల్లో

మూడో రోజు ఆదివారం. బస్సెక్కి ఊరి చివరనున్న పోర్టొబెల్లో సముద్రపు ఒడ్డుకి వెళ్ళాం. నీలం ఆకాశం, పదునైన ఎండ, వెచ్చదనం మాత్రం లేదు. ఇసక మీద పలచగా మంచుపొర. అయినా జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు, సగం మంది కుక్కలతో. ఇద్దరు ముసలమ్మలు ఈతబట్టల్లో కిలకిలా నవ్వుకుంటూ నీళ్ళలోకి నడిచిపోయారు. చూస్తేనే నాకు దవడలు కొట్టుకున్నాయి.

ఒడ్డునే చిన్న హోటలు. బయట ఆరు బల్లలు. పబ్బు కాదు గానీ అద్దంలోంచి లోపల అలమారులో సీసాలు కనిపిస్తున్నాయి. నేను అలవాటుగా లేవబోయాను.

"కూర్చో. నేను తెస్తాను," అన్నారు ఆయన.

తలుపు నా వెనక మూసుకుంది. నేను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. అద్దంలోంచి చూడొచ్చు. తల తిప్పితే చాలు. మెడ నరాలు లాగుతున్నాయి. ఒక తడికుక్క వచ్చి నా బూట్ల మీద తల పెట్టుకుంటే దాని చెవులు పట్టుకుని కూర్చున్నాను. ఆయన చాలాసేపు రాలేదు. రెండు సూపులు తేవడానికి ఎంతసేపు పట్టాలో దానికంటే చాలా ఎక్కువసేపే. నేను తిరగలేదు. గొప్పతనమేం కాదు, తిరిగితే ఏం కనబడుతుందోనన్న భయం.

తలుపు చప్పుడైంది. ఆయన ట్రే బల్లమీద పెట్టారు. రెండు గిన్నెలు, ముతక రొట్టె.

"వంటావిడ ఎలా వండాలో చెబుతుంటే ఆలస్యమైంది. పొగబెట్టిన చేప, ఆలూ, ఉల్లిపాయ. పాలల్లో ఉడికిస్తారట."

"పాలల్లోనా? చేపా పాలూ కలిపి తింటే బొల్లి వస్తుందనేది కదండీ మా అమ్మ!"

"మా అమ్మా అనేది." నిన్న సాయంత్రం తర్వాత ఆయన నా కళ్ళలోకి చూడడం అదే మొదలు. "వసూ, నిన్న నేను మింగాను. ఉమ్మెయ్యొచ్చు, ఉమ్మలేదు. బాగుందనిపించింది. అందుకే నీ దగ్గర్నుంచి వెళ్ళిపోయాను. ఆ మాట నీకు చెప్పాలని రాత్రంతా అనుకుంటున్నాను."

అల ఒకటి వచ్చి వెళ్ళింది. ఆరు పబ్బుల మాట ఆయనకి ఎంత నొప్పి పెట్టిందో అప్పటికి తెలిసింది. ఈ మాట నాకూ అంత నొప్పిగానే ఉంది. కానీ ఇది ఆయన నాకు, నేనడగకుండా, ఎండలో కూర్చుని చెప్పిన మొదటి మాట.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాను.

"భయంగా ఉంది. నీకు?"

"నాకూ భయంగానే ఉందండీ."

"సరే. భయపడుతూనే తిందాం. చల్లారిపోతే ఈ చేప బాగోదట," అని చెంచా నా చేతికిచ్చారు.

పాల మీద తేలుతున్న చేపముక్కని చూస్తూ ఒక్క క్షణం మా అమ్మని తలుచుకున్నాను. తర్వాత తిన్నాను. ఉప్పగా, కమ్మగా, వేడిగా గొంతు దిగింది. ఇద్దరం గిన్నెలు రొట్టెతో తుడుచుకుని మరీ తిన్నాం.